బావి చూసి బాడుగకు దిగినవాడు

బావిలో నీళ్ళు చూసి ఇల్లు బాడుగకు తీసుకున్నాను. ఈ ఒక్క వాక్యం చెబితే అనంతపురం వాళ్ళు మిగతా కథ అడగరు, అక్కడే నవ్వడం మొదలుపెడతారు. తక్కిన జిల్లాల వాళ్ళకు మాత్రం ఇందులో తప్పేముందో విడమరచి చెప్పాలి. నీళ్ళున్న బావి చూసి ఇల్లు తీసుకోవడం తెలివైన పనే కదా అంటారు వాళ్ళు. నాలుగు వానలు పడ్డాక కార్తీకంలో మా సీమలో ఏ బావిలోనైనా నీళ్ళుంటాయి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిలో వినయం ఉన్నట్టు. ఆ నీళ్ళూ ఆ వినయమూ ఎండాకాలం దాకా నిలుస్తాయా అన్నదే చూడవలసింది.

అందుకే మావాళ్ళు ఇల్లు చూడబోతే బావిలోకి తొంగి చూడరు, చేంతాడు చూస్తారు. తాడు ఎన్ని బారలుందో చూస్తే వేసవిలో నీళ్ళు ఎంత లోతుకు దిగుతాయో తెలిసిపోతుంది. ఇంటాయన నోటికి ఎన్ని మాటలైనా వస్తాయి గాని తాడుకు అబద్ధం చెప్పడం రాదు.

ఈ సంగతి నాకు తెలియక కాదు. నేను పుట్టింది బెళుగుప్ప పక్కన. వాన మా ఊరికి దూరపు చుట్టం. వస్తున్నానని మబ్బులతో కబురు పంపి, తీరా పక్క ఊళ్ళో దిగిపోతుంది. అలాంటి చోట పుట్టి పెరిగినవాణ్ణి, తాడు చూడలేదు. సరిగ్గా చెప్పాలంటే చూడకపోవడం కూడా కాదు. ఆ తాడు చుట్ట మీదే దర్జాగా కూర్చుని, కాళ్ళు చాపుకుని బాడుగకు ఒప్పుకున్నాను. బావిని చూసి భావిని చూశాననుకున్నాను.

అది యాభైల చివరి మాట. నేను అనంతపురంలో ఒక ప్రభుత్వ కచేరీలో గుమాస్తాను. కాపురానికి ఇల్లు లేక ధర్మవరంలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి, రోజూ ప్యాసింజరు రైల్లో వచ్చిపోయేవాణ్ణి. ఆ రైలుకు తొందర అనేది తెలియదు. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే ఆగిపోతుందేమో అనిపించేది. నేను ఆఫీసు చేరేసరికి హాజరు పట్టీ హెడ్ గుమాస్తా గారి బల్ల మీదికి వెళ్ళిపోయి ఉండేది. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసేవారు.

"ఏమప్పా, రైల్లో వస్తాండావా, రైలును తోసుకోని వస్తాండావా?"

నేను నవ్వేవాణ్ణి. మొదటి నెల ఆయనా నవ్వారు. మూడో నెలకు నవ్వు మానేసి, ఊళ్ళో కాపురం పెట్టకపోతే మడకశిరకు బదిలీ రాయిస్తానన్నారు.

నాకూ కాపురం పెట్టాలనే ఉంది. నా భార్య పురిటికని కణేకల్లులో పుట్టింటికి వెళ్ళి, పాపకు పది నెలలు నిండినా అక్కడే ఉంది. చూడబోయినప్పుడల్లా పాప నన్ను ఎవరో బిళ్ళబంట్రోతును చూసినట్టు చూసి ఏడ్చేది. కణేకల్లు చెరువు కింద వరి పండే ఊరు. మా అత్తగారింట్లో బావికి తాడే ఉండదు, వంగి ముంచుకోవడమే. నా భార్య నీళ్ళను గాలిలాగా వాడుకుంటూ పెరిగిన మనిషి. అత్తగారు నా ముఖం చూడకుండా తలుపుతో మాట్లాడుతున్నట్టు అనేవారు:

"అల్లుడ్ని ఇల్లు చూడమను, పంపిస్తాం. మిద్దె చిన్నదైనా పరవాలేదు. నీళ్ళుండల్ల. అనంతపురంలో పసిబిడ్డకు నీళ్ళు ఏ పొద్దు పోస్తారో ఆ దేవునికే తెలియల్ల."

తలుపు నా తరఫున ఏమీ మాట్లాడేది కాదు. మొత్తానికి నీళ్ళున్న ఇల్లు దొరికితే పెళ్ళాం బిడ్డలతో కాపురం, లేకపోతే ప్యాసింజరుతో సంసారం. నా పరిస్థితి అది.

ఇళ్ళు వెతకడానికి ఒక జట్కా మాట్లాడుకున్నాను. జట్కా ఆయన సాయిబు, నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అన్నా అంటే ఆయన సామీ అనేవాడు. ఊళ్ళో ఏ ఇల్లు ఖాళీగా ఉందో ఆ ఇంటివాళ్ళకన్నా ఆయనకు ముందు తెలుస్తుంది, ఖాళీ చేసిన సామాను మోసేది ఆయన గుర్రమే గనుక.

రాష్ట్రం కొత్తది, ఆఫీసులు కొత్తవి. ఎక్కడో ఒకచోట ఆఫీసు బోర్డు కొత్తగా వేలాడితే చాలు, మర్నాటికి చుట్టుపక్కల బాడుగలు ఒక మెట్టు ఎక్కేవి. పశువుల కొట్టాలకు సున్నం కొట్టి 'పోర్షన్లు' అనేవారు. మేమిద్దరం ముందు పాతూరుకు పోయాము. అక్కడ ఇంటి గడప దాటకముందే విచారణ. ఎవరి పిల్లవాడివి, మీ తాత ఏ ఊరు, ఏమి తింటారు, ఏమి తినరు, రాత్రి దగ్గుతారా. మా పెళ్ళప్పుడు మామగారు అడగని ప్రశ్నలన్నీ అడిగించుకున్నాను. అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పాక తేలిందేమంటే, గది ఒక్కటే, దాని మధ్య ఒక తడిక, తడిక అవతల ఆరుగురు మనుషులు.

తరువాత స్టేషను పక్కకు పోయాము. గోడలన్నీ బొగ్గు పొడి. బాడుగ మాత్రం తెల్లబోయేంత.

"ఇంత ఏంటికన్నా?" అని ఇంటాయనను అడిగాను.

"దినానికి నాలుగు తూర్లు రైలు కూస్తాదప్పా. నువ్వు గడియారం కొనే పని లేదు గదా. ఆ దుడ్లు నాకియ్యి."

మా ప్యాసింజరును నమ్మి గడియారం మానుకుంటే ఏ కాలంలో ఉంటామో నాకు తెలుసు గనుక లేచి వచ్చేశాను.

కాలేజీకి అవతల కొత్తగా లేచిన ఇళ్ళకు పోయాము. చుట్టూ రాళ్ళు, మధ్యలో ఇల్లు, మీద గాలి. ఆ ఇంటాయన గాలిని తానే కట్టించినట్టు చెయ్యి చాచి చూపించి, "ఇట్లాంటి గాలి యాడుండాది చెప్పు" అన్నాడు. చెప్పేలోపల నా గొడుగు ఎగిరిపోయింది. జట్కా ఆయన దాన్ని పట్టుకోను పరిగెత్తాడు.

"తేళ్ళున్నాయా?" అని అడిగాను.

"ఉండాయి. మేమేమన్నా బాడుగకు పిలిచినామా? వాటంతట అవే ఉండాయి."

బాడుగ కట్టకుండా ఉండే వాళ్ళు ఊళ్ళో అవి మాత్రమేనని గొడుగు దొరికాక జట్కాలో కూర్చుని అనుకున్నాను. అప్పుడు జట్కా ఆయన, గుర్రంతో చెప్తున్నట్టుగా, ముందుకు చూస్తూనే అన్నాడు:

"మా వీధిలో ఒక ఇల్లుండాది సామీ. మట్టి మిద్దె. బావి నీళ్ళు తియ్యగుంటాయి."

"అక్కడ ఆఫీసు వాళ్ళెవరన్నా ఉండారా?"

"ఒకరూ లేరు. అందుకే బాడుగ తక్కువ."

ఆఫీసు వాళ్ళు లేని వీధిలో నేనెట్లా ఉంటాను? మా అత్తగారు వచ్చి, గుర్రాల లద్దె దాటుకుంటూ అల్లుడి ఇల్లు వెతుక్కోవడం ఊహించుకున్నాను. గుమాస్తాకు జీతం చిన్నదైనా తలపాగా పెద్దది. "ఇంకేమన్నా చూద్దాంలే" అన్నాను. ఆయన గుర్రాన్ని కోర్టు దిక్కుకు తిప్పాడు.

కోర్టు దగ్గరి ఆ వీధిలో అంతా పెద్ద ఉద్యోగులు. ప్రతి గుమ్మం పక్కనా పేరు పలక, పేరు వెనక డిగ్రీల తోక. ఇంటాయన కోర్టులో చేసి రిటైరైన పెద్దమనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు. వెనక భాగంలో తనూ ఒక పాడి ఎనుమూ ఉంటారు. ముందు భాగం బాడుగకు. పెరట్లో బావి ఇద్దరికీ ఉమ్మడి.

"ఈ వీధిలో ఉండేదంతా గెజిటెడ్లు. నువ్వెవురు?"

గెజిటెడ్ల కింద పనిచేసేవాణ్ణన్నాను. "సరేలే, దగ్గరగానే ఉండావు" అని పెరట్లోకి తీసుకుపోయాడు. ఆ యేడు వానలు బాగా పడ్డాయి. నీళ్ళు గట్టుకు జానెడు కింద తళతళమంటున్నాయి. ఆయన నా చేతికి చెంబిచ్చాడు.

"ముంచుకో నాయనా. తాడు పనే లేదు, చూడు."

మోకాళ్ళ మీద వంగి ముంచుకుని తాగాను. చల్లగా ఉన్నాయి. పాప నీళ్ళు చల్లుకుని ఆడుకుంటున్నట్టే కనిపించింది. బావి పక్కన గోడవారగా పెద్ద తాడు చుట్ట ఉంది, పీట ఎత్తున. "కూర్చో, కూర్చో" అన్నాడాయన. కూర్చున్నాను. మెత్తగానే ఉంది. ఆయన కావాలనే దాని మీద కూర్చోబెట్టాడా, లేక చుట్టరికం కొద్దీనా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. ఆ బాడుగ నా జీతంలో మూడో వంతు. ఒప్పుకుని లేచేటప్పుడు పంచె దులుపుకున్నాను కూడా. వాకిట్లో జట్కా ఆయన నా ముఖం చూసి అడిగాడు.

"కుదిరిందా సామీ?"

"కుదిరింది. బావి నిండా నీళ్ళన్నా."

"ఊఁ" అన్నాడాయన. గుర్రం కూడా ఏమీ అనలేదు.

నా భార్య వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రమే పెరట్లో చీర కుచ్చిళ్ళు దోపుకుని చెంబుతో నీళ్ళు ముంచి పాప మీద పోస్తుంటే, పాప కేరింతలకు వెనక కట్టేసిన ఎనుము కూడా తలతిప్పి చూసింది. పాప నన్ను చూసి ఏడవడం మానేసింది. ఆఫీసుకు పది నిమిషాల నడక. హెడ్ గుమాస్తా గారికి నన్ను అనడానికి ఏమీ మిగలక, నా దస్తూరీ బాగాలేదన్నారు. కణేకల్లుకు కార్డు రాశాను, ఇక్కడ కూడా వంగి ముంచుకోవడమేనని. ఆ కార్డు మా అత్తగారు దాచి పెట్టారు. పెట్టకుండా ఉంటే బాగుండేది.

పుష్యం రాకముందే ఇంటాయన మా ముందు గదిలోకి వచ్చి కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"పక్కింటికి ఎవరొచ్చినారో తెలుసా? ఇంజనీరు. జీపుండాది."

"సంతోషం సార్."

"వీధి పెరిగిపాయప్పా. వీధి పెరిగినాక బాడుగ పెరగకుంటే బాగుంటాదా?"

ఇంజనీరు జీపు కొన్న పాపానికి నా బాడుగ మూడు రూపాయలు పెరిగింది. ఆ జీపు మా ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా అందులో నా మూడు రూపాయలు కూర్చుని పోతున్నట్టే ఉండేది. నెల తిరక్కుండా ఆయన మళ్ళీ వచ్చాడు. పాప అప్పుడే గోడ పట్టుకుని అడుగులేస్తోంది.

"నువ్వు వచ్చినప్పుడు ఈ ఇంట్లో తిరిగేవాళ్ళు ఇద్దరు. ఇప్పుడు ముగ్గురు."

"పాప అప్పుడూ ఉంది కదా సార్."

"ఉండాది. నడవలేదు. ఇప్పుడు గచ్చు అరుగుతాది గదా."

ఇంకో రెండు రూపాయలు. బిడ్డకు తొలి అడుగుకు అరిసెలు పంచుతారు, మేము బాడుగ పెంచాము. నా భార్య మాత్రం నవ్వేసింది. "పోనీండి, నీళ్ళుండాయి కదా" అంది. నీళ్ళున్నాయన్న ఆ ఒక్క మాట మీద మా కాపురం నిలబడి ఉంది.

ఆ నీళ్ళు దిగడం మొదలుపెట్టాయి. ముందు చెంబు అందలేదు. పరవాలేదు, బొక్కెన ఉందనుకున్నాము. గోడవారన ఉన్న తాడు చుట్టలోంచి ఒక మెలిక విప్పాము. వారానికి ఇంకో మెలిక. నేను కూర్చున్న ఆసనం నా కళ్ళ ముందే మెలిక మెలికగా బావిలోకి జారిపోతుంటే, దాని మీద కూర్చుని నేను ఒప్పుకున్న బాడుగ మాత్రం మెలిక తిరగకుండా నిటారుగా నిలబడి ఉంది. శివరాత్రికి గోడవారన చుట్ట లేదు. తాడంతా బావిలోనే. నా భార్య అరచేతులు చూపించలేదు, నేను చూడకుండా కొంగుతో పట్టుకుని చేదేది. నేను పొద్దున ఆఫీసుకు పోయేలోపల చేదబోతే, "మీరు చేదితే సగం మళ్ళా బావిలోకే పోతాండాయి" అని తాడు లాక్కునేది. నిజమే, నేను సంతకం తప్ప ఏదీ తిన్నగా పెట్టలేను.

ఫాల్గుణంలో ఊట రోజుకు పది కడవలకు దిగింది. అప్పుడు ఇంటాయన వంతులు పెట్టాడు. ఇంటాయనది ముందు వంతు. అది ఊళ్ళో ఉన్న పద్ధతే, దానికి నేను అడ్డం చెప్పలేదు. కాని ఆయన వంతులో ఎనుము వంతు కూడా కలిసి ఉంది. అది తాగి, తలెత్తి, మళ్ళీ తాగి, నింపాదిగా మా వైపు చూసేది. అది వదిలినవి మాకు. ఆ ఎనుము పాలే మేము పోయించుకునేవాళ్ళం. అందుచేత మాకు రావలసిన నీళ్ళు మాకు రాకుండా పోయాయని అనను, పాలలో వచ్చేవి. పాల ధరకు.

ఒక బిందె నీళ్ళు మా ఇంట్లో నాలుగు ఉద్యోగాలు చేసేవి. బియ్యం కడిగినవి గిన్నెలకు, పాపకు పోసినవి బట్టలకు, బట్టలు పిండినవి గచ్చుకు. నేను ఒక్క ఉద్యోగానికే అలిసిపోయేవాణ్ణి. ఒక రోజు పాపకు ఒళ్ళంతా చెమటకాయలు లేచి, నీళ్ళు పోయమని బొక్కెన పట్టుకుని ఏడ్చింది. బొక్కెనలో అడుగున బురద తప్ప ఏమీ లేదు. నేను నేరుగా వెనక భాగంలోకి పోయి ఇంటాయనను అడిగాను.

"సార్, నీళ్ళు లేవు. పెంచిన బాడుగన్నా తగ్గించండి."

ఆయన పేపరు దించలేదు.

"నేను బావికి బాడుగ తీసుకున్యా గాని నీళ్ళకు తీసుకున్యానా? బావి యాడికన్నా పోయిందా? ఆడనే ఉండాది గదా, చూసుకో."

చూసుకున్నాను. అక్కడే ఉంది. కోర్టులో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. బావి ఉనికిని నేను కాదనలేకపోయాను.

ఉగాదికి వారం ముందు నా భార్య పెట్టె సర్దుకుంది. జట్కా పిలుచుకొచ్చాను. అదే జట్కా ఆయన. సామాను ఎక్కిస్తూ, చాలాకాలంగా కడుపులో పెట్టుకున్న మాట అడిగినట్టు అడిగాడు.

"ఇల్లు చూసిన దినం చేంతాడు చూసినారా సామీ?"

"దాని మీదే కూర్చున్నాను."

ఆయన నవ్వలేదు. నా భార్యే నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

"ప్రతి యేడూ దీపాలప్పుడు ఈ ఇంటికి ఒక సంసారాన్ని దించుతా. ఉగాదికి మల్ల ఎక్కించుకుంటా. ఇది నాకు కాయం గిరాకీ."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదన్నా?"

"మీరు అడగలేదు కదా సామీ. ఇంగో ఇల్లు చెప్తే ఆఫీసోళ్ళుండారా అని అడిగితిరి."

బస్సు దగ్గర నా భార్య పాపను చంకన మార్చుకుని అంది. "కోపమేం లేదు. మీరు మడకశిరకైనా పోండి, మళ్ళా ధర్మవరానికైనా పోండి. నీళ్ళుండే ఇల్లు చూసినాకే కార్డు రాయండి. ఈ తూరి నీళ్ళు చూడొద్దండి." పాప కిటికీలోంచి నన్ను చూసింది. మళ్ళీ బిళ్ళబంట్రోతును చూసినట్టే.

ఆ రోజు బస్సు దుమ్ము ఇంకా అణగకముందే జట్కా ఆయన పక్కన ఎక్కి కూర్చున్నాను. సిగ్గును ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను.

"అన్నా, మీ వీధిలో ఆ ఇల్లు ఇంకా ఉండాదా?"

"ఉండాది. ఒక రూపాయి ఎక్కువైంది."

"ఎందుకు?"

"మీరు వస్తాండారు కదా. ఆఫీసోళ్ళుండే వీధి అయిపాయ."

ఆ ఇల్లు గలావిడ ఒక ముసలమ్మ, పక్క మిద్దెలోనే ఉంటుంది. నేను ఇంటి గోడలు చూడలేదు, పైకప్పు చూడలేదు, నేరుగా పోయి తాడు చేతికి తీసుకుని బారలు కొలిచాను. నాలుగు బారలు. మళ్ళీ కొలిచాను. ఎండలు ముదిరిన ఫాల్గుణం చివర, మిట్టమధ్యాహ్నం, బొక్కెన వేస్తే నిండా వచ్చింది. ముసలమ్మ జట్కా ఆయనను పక్కకు పిలిచి మెల్లగా అడగడం వినిపించింది.

"ఏమిరా, ఈయప్ప ఇల్లు చూడను వచ్చినాడా, తాడు కొనను వచ్చినాడా?"

నేను ఖాళీ చేస్తానంటే కోర్టు ఇంటాయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఎండాకాలంలో ఆ ఇంటికి ఎవరూ రారని ఆయనకు తెలుసు. "వానలు పడేదాక ఉండప్పా, మల్ల నిండుతాది" అన్నాడు. బావి నిండుతుంది సార్, నేను నిండుకుంటాను అన్నాను. ఆ ఇల్లు కార్తీకం దాకా ఖాళీగా ఉంది.

కార్డు రాసిన నాలుగో రోజున నా భార్య దిగింది. గుర్రపు లద్దె దాటుకుని లోపలికి వచ్చి, పెట్టె కూడా దించకుండా పెరట్లోకి పోయి తాడు చూసింది. తరువాతే చెప్పులు విప్పింది. సాయంత్రం మా అత్తగారికి రాసే కార్డు మీద నాతో ఒక వాక్యం రాయించింది: తాడు నాలుగు బారలు. ఆ వీధిలో మేము పద్నాలుగేళ్ళున్నాము. మేము చేరిన మూడేళ్ళకు ఇంకో ముగ్గురు ఆఫీసు వాళ్ళు వచ్చారు, బాడుగలు పెరిగాయి, పెంచింది మీరేనని జట్కా ఆయన నన్ను తిడుతూనే ఉండేవాడు. అది వేరే సంగతి.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

మేము ఇల్లు మారిన ఆ యేడే కార్తీకంలో, కోర్టు ఇంటాయన బావి మళ్ళీ గట్టు దాకా వచ్చిన రోజుల్లో, మా ఆఫీసుకు గోదావరి జిల్లా నుంచి ఒక సర్వే అధికారి వచ్చారు. పుష్యం చివరి దాకా మాత్రమే పని. వెంట తొమ్మిది మంది సంసారం. తల్లిగారు, ఇద్దరు మేనత్తలు, మిగతావాళ్ళు. సత్రంలో ఇమడలేక ఇల్లు కావాలన్నారు. నేను బావి సంగతి, తాడు సంగతి, ఎనుము సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను.

"ఎండాకాలందాకా ఎవరుంటారండీ?" అన్నారాయన. "మా అమ్మగారికి రోజుకు మూడు స్నానాలు పడాలండి. వాకిలి రెండు పూటలా కడగాలి. ఇప్పుడు నీళ్ళుంటే చాలండీ."

ఇప్పుడున్నాయన్నాను. అదే వారంలో కోర్టు ఇంటాయన ఆఫీసు వరండాలో ఎదురై, నన్ను కన్న కొడుకులా భుజం తట్టాడు.

"మంచి సంసారులుంటే చెప్పప్పా. ఇల్లు పాడు పెట్టే రకం వద్దు."

"ఉన్నారు సార్. చాలా శుభ్రమైన మనుషులు."

పైజిల్లా వాళ్ళనగానే ఆయన బాడుగ నా మీద పెంచినదానికి ఇంకో ఎనిమిది కలిపాడు. గోదావరి ఆయన బేరమాడలేదు. ఇంత అద్దె తీసుకుంటున్నప్పుడు ఆ మాత్రం నీళ్ళు వాడుకోవద్దా అనుకున్నారు. తల్లిగారికి మూడు స్నానాలు, మేనత్తలకు తలా రెండు. పిల్లలు గట్టు మీద కూర్చుని ఒకరి మీద ఒకరు పోసుకునేవారు. వాకిలి, అరుగు, అరుగు ముందు వీధి, ఇంజనీరు జీపు నిలిచే చోటు కూడా కడిగేవారని జట్కా ఆయన వచ్చి చెప్పాడు. "ఆ ఇంటి ముందర నా గుర్రం జారతాండాది సామీ. అనంతపురంలో గుర్రం జారడం యాడన్నా విన్యామా?"

పుష్యం మధ్యలో ఒక ఉదయం కోర్టు ఇంటాయన మా వీధికి వచ్చాడు. లద్దె దాటుతూ పంచె ఎత్తి పట్టుకున్నాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఎట్లాంటోళ్ళను పంపిస్తివప్పా? శివరాత్రి దాక రావల్సిన నీళ్ళు ఇప్పుడే అయిపోయినాయి. ఎనుముకు కూడా లేవు. మల్ల అడిగితే, అద్దె కడుతున్నాం కదండీ అంటారు."

"శుభ్రమైన మనుషులని ముందే చెప్పాను కదా సార్."

"శుభ్రమంటే ఇంత శుభ్రమనుకున్యానా? సరేలే. వాళ్ళు ఎప్పుడు పోతాండారు?"

"నెలాఖరుకు పోవాలి సార్. కాని పని తేలలేదు, ఇంకొక్క నెల పొడిగించమని రాసుకున్నారు."

ఆయన ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

"ఆ కాయితం ఎవురి దగ్గరుండాది?"

"నా బల్ల మీదే ఉంది సార్."

ఆయన అప్పుడు కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. నా భార్య ఇచ్చిన చెంబు నీళ్ళు గటగటా తాగి, నోరు తుడుచుకున్నాడు.

"కొంచెం ఆలస్యం చెయ్యి నాయనా. గుమాస్తావు, నీకు నేర్పించల్లనా? ఒక పదైదు దినాలు ఆ కాయితాన్ని ఏదన్నా కట్టలో పెట్టి మరిచిపో."

చూస్తాను సార్ అన్నాను. ఆయన లేచి, వెళ్తూ వెళ్తూ మా బావి వైపు ఒకసారి చూసి పోయాడు.

నా ముప్పై ఏళ్ళ నౌకరీలో నా బల్ల మీదికి వచ్చిన కాగితం ఏదీ వారం లోపల లేచి నిలబడలేదు. మా హెడ్ గుమాస్తా గారు దాన్ని గురించి చాలామందికి చెప్పేవారు. మర్నాడు పొద్దున నేను అందరికన్నా ముందు ఆఫీసుకు పోయాను. ఆ పొడిగింపు కాగితానికి నోటు రాసి, పని ప్రజాప్రయోజనం గలది, ఒక నెల పొడిగించడం ఎంతైనా అవసరం అని చేర్చి, పది గంటలు కొట్టేలోపల హెడ్ గుమాస్తా గారి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు, గడియారం చూశారు, సంతకం పెట్టారు.